బీకామ్, బీబీఏ, ఎకనామిక్స్ డిగ్రీ: రూల్‌బుక్ చదివి మూడేళ్లు ప్లాన్ చేసుకోవడం ఎలా

డిగ్రీలో చేరిన కొత్తలో పిల్లలు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఏ గైడ్ కొనాలి, ట్యాలీ ఎక్కడ నేర్చుకోవాలి, బీకామ్ కంప్యూటర్స్‌కి ఉద్యోగాలున్నాయా. ‘మా డిగ్రీ రూల్స్ ఎక్కడ దొరుకుతాయి సార్?’ అని అడిగేవాళ్లు అరుదు. ఆ రూల్స్ గుర్తొచ్చేది చివర్లోనే. ఐదో సెమిస్టర్‌లో డిటైన్ లిస్టులో (హాజరు తక్కువై పరీక్షకు అనుమతి దొరకనివాళ్ల జాబితాలో) పేరు కనిపించినప్పుడో, 60 శాతం అడిగే నోటిఫికేషన్ ముందు 59.6 దగ్గర నిలబడినప్పుడో అందరికీ రూల్‌బుక్ కావాలి. అప్పటికి చేయగలిగేది పెద్దగా ఉండదు.

ఇది తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ యూనివర్సిటీల పరిధిలో బీకామ్, బీబీఏ, బీఏ ఎకనామిక్స్ చదివేవాళ్ల కోసం, వాళ్ల తల్లిదండ్రుల కోసం. అంకెలు యూనివర్సిటీని బట్టి, అటానమస్ కాలేజీని (సిలబస్, పరీక్షలు సొంతంగా నడుపుకునే కాలేజీని) బట్టి మారతాయి. వెతకాల్సిన వాక్యాలు మాత్రం ఎక్కడైనా అవే.

1. ముందు మూడు కాగితాలు సంపాదించండి

మొదటిది, మీ బ్యాచ్‌కు వర్తించే రెగ్యులేషన్స్, అంటే రూల్‌బుక్. ‘మీ బ్యాచ్’ అన్నది ముఖ్యం. తెలంగాణలో 2016-17 నుంచి సీబీసీఎస్ (క్రెడిట్ల లెక్కన పేపర్లు ఎంచుకుని చదివే విధానం) వచ్చింది, ఆ తర్వాత క్రెడిట్ల లెక్కలు మారాయి. ఆంధ్రలో 2020-21లో ఒకసారి, సింగిల్ మేజర్ (ఒకటే ప్రధాన సబ్జెక్టు) విధానంతో 2023-24లో ఇంకోసారి మారాయి. సీనియర్ చెప్పిన రూల్ వాడి బ్యాచ్‌లో నిజమే అయి ఉండొచ్చు, మీకు వర్తించకపోవచ్చు. రెండోది, ఆరు సెమిస్టర్ల సిలబస్ స్ట్రక్చర్. ఒక టేబుల్‌లో పేపర్ పేరు, వారానికి గంటలు, క్రెడిట్లు, మార్కులు ఉంటాయి. మూడోది, ఆ ఏడాది అల్మనాక్. క్లాసులు ఎప్పుడు మొదలవుతాయి, ఇంటర్నల్స్ ఎప్పుడు, చివరి పనిదినం ఎప్పుడు అన్నవి అందులో ఉంటాయి.

మీది అటానమస్ కాలేజీ అయితే రెగ్యులేషన్స్ కాలేజీ వెబ్‌సైట్లోనో ఎగ్జామ్ బ్రాంచ్‌లోనో అడగాలి. అటానమస్ కాకపోతే యూనివర్సిటీ సైట్లో వెతకాలి. వాట్సాప్ గ్రూపులో తిరిగే స్క్రీన్‌షాట్‌ను ఏ రూల్‌కూ ఆధారంగా తీసుకోకండి. బీబీఏ వాళ్లు ఇంకొకటి చూడాలి: 2024-25 నుంచి బీబీఏ కోర్సులు కూడా ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) పరిధిలోకి వచ్చాయి. కాలేజీకి ఆ అనుమతి ఉందో లేదో చేరకముందే తేల్చుకోండి.

2. లక్ష్యాల పేజీని దాటెయ్యకండి

రెగ్యులేషన్స్ మొదట్లోనో సిలబస్ ముందుమాటలోనో ‘ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్’ అని ఒక పేజీ ఉంటుంది. విశ్లేషణా శక్తి, నైతిక విలువలు, నాయకత్వ లక్షణాలు అంటూ సాగుతుంది. నిజం చెప్పాలంటే చాలాచోట్ల అది కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ టీమ్ కోసం రాసినట్టే ఉంటుంది. అయినా ఆ పేజీకి ఒక ఉపయోగం ఉంది. ప్రతి లక్ష్యం పక్కన ‘దీన్ని నేర్పే పేపర్ ఏది? దీన్ని పరీక్షించేది ఎక్కడ?’ అని పెన్సిల్‌తో రాసుకోండి.

ఉదాహరణకి ‘సంస్థ ఆర్థిక నివేదికలను విశ్లేషించగలగాలి’ అని ఉందనుకోండి. ఫైనాన్షియల్ అకౌంటింగ్‌లో ఎంట్రీలు, లెడ్జర్, ఫైనల్ అకౌంట్స్ వేయడం నేర్పుతారు. రేషియోలు చివరి ఏడాది మేనేజ్‌మెంట్ అకౌంటింగ్‌లో వస్తాయి. పరీక్షలో అంకెలు ఇచ్చేస్తారు, మీరు సూత్రంలో వేస్తారు. నిజమైన కంపెనీ వార్షిక నివేదిక తెరిచి చూడమని ఏ పేపరూ అడగదు. అంటే లక్ష్యం రాశారు గానీ దాన్ని పరీక్షించే చోటు లేదు. ఆ ఖాళీ మీరే పూడ్చుకోవాలి. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎన్‌ఎండీసీ లాంటి లిస్టెడ్ కంపెనీ నివేదిక ఉచితంగా డౌన్‌లోడ్ అవుతుంది. అందులో బ్యాలెన్స్ షీట్, క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్, వాటి కింద నోట్స్ తీసుకుని, క్లాసులో చెప్పిన కరెంట్ రేషియో మీరే లెక్కగట్టండి. మొదటిసారి ఏ అంకె ఎక్కడుందో దొరక్క తల తిరుగుతుంది. అలా తిరగడమే ఆ లక్ష్యం వైపు మొదటి అడుగు.

ఎకనామిక్స్ వాళ్లకూ ఇదే పద్ధతి. ‘రాష్ట్ర ఆర్థిక వ్యవస్థను గణాంకాలతో వివరించగలగాలి’ అని ఉంటే, బడ్జెట్ సమయంలో తెలంగాణ ప్రభుత్వం సోషియో ఎకనామిక్ అవుట్‌లుక్‌ను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సోషియో ఎకనామిక్ సర్వేను విడుదల చేస్తాయి. రెండింటిలో ఒకటి తీసుకుని మీ జిల్లా అంకెలు వెతకండి. గ్రూప్-2కి చదువుదామనుకునేవాళ్లకు ఇది రెండిందాలా పని చేస్తుంది. టీజీపీఎస్సీ గ్రూప్-2లో మూడో పేపర్ ‘ఎకానమీ, డెవలప్‌మెంట్’ మీదే.

ఈ పేజీ చదివితే మూడు డిగ్రీల మధ్య తేడా కూడా తెలుస్తుంది. బీకామ్ లెక్కలు, పన్నులు, చట్టాల చుట్టూ తిరుగుతుంది. బీబీఏ మార్కెటింగ్, హెచ్‌ఆర్, ఆపరేషన్స్ లాంటి నిర్వహణ విభాగాలన్నీ కొంచెం కొంచెంగా చూపిస్తుంది. ఎకనామిక్స్ ధర, ఉపాధి, ద్రవ్యోల్బణం ఎందుకు అలా కదులుతాయో అడుగుతుంది. ‘అన్నీ ఒకటేలే, డిగ్రీ ఉంటే చాలు’ అనే సలహా ఇచ్చే బంధువు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. విని ఊరుకోండి.

3. క్రెడిట్ల లెక్క అర్థం చేసుకోండి

ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్ పొడవునా వారానికి ఒక గంట క్లాసు, మొత్తం సుమారు 15 గంటలు. ప్రాక్టికల్ అయితే వారానికి రెండు గంటలకు ఒక క్రెడిట్. నాలుగు క్రెడిట్ల పేపర్‌కు సెమిస్టర్‌లో 60 గంటల బోధన జరగాలన్నమాట. జరుగుతోందా లేదా అన్నది మీరే చూసుకోవచ్చు, అడగనూ వచ్చు.

యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 డిసెంబరులో విడుదల చేసిన క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. మూడేళ్ల డిగ్రీలో మేజర్‌కి (ప్రధాన సబ్జెక్టుకి) 60, మైనర్‌కి (రెండో సబ్జెక్టుకి) 24. మిగతావి భాషలు, స్కిల్ కోర్సులు, వాల్యూ యాడెడ్ కోర్సులు, ఇతర విభాగాల పేపర్లు, ఇంటర్న్‌షిప్. మీ యూనివర్సిటీ మొత్తం ఇంతకంటే ఎక్కువ ఉండొచ్చు. మీ మెమోలో ‘క్రెడిట్స్ ఎర్న్‌డ్’ అన్న గడిని ఆ మొత్తంతో ప్రతి సెమిస్టర్‌కీ పోల్చుకోండి. రెండు క్రెడిట్ల ఎన్విరాన్‌మెంట్ పేపర్ పోయిందని మర్చిపోయి, చివర్లో డిగ్రీ ఆగిపోయినవాళ్లు ప్రతి కాలేజీలోనూ ఉంటారు.

4. పాస్ అవ్వడానికి రూల్ ఏమిటో అక్షరం అక్షరం చదవండి

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. సాధారణంగా ఒక్కో పేపర్‌కి ఇంటర్నల్ కొన్ని మార్కులు, సెమిస్టర్ ఎండ్ పరీక్ష (ఎక్స్‌టర్నల్) మిగతావి ఉంటాయి. 20, 80 అనుకుందాం. ‘40 శాతం వస్తే పాస్’ అని అందరికీ తెలుసు. 40 శాతం దేనిలో? రెండూ కలిపా, విడివిడిగానా?

ఎక్స్‌టర్నల్‌లో విడిగా 40 శాతం రావాలని రూల్ ఉంటే 80కి 32 తప్పనిసరి. ఇంటర్నల్‌లో 20కి 20 తెచ్చుకుని ఎక్స్‌టర్నల్‌లో 31 తెచ్చుకున్న అమ్మాయి మొత్తం 51. ఆమె ఫెయిల్. ఇంటర్నల్ 10, ఎక్స్‌టర్నల్ 32, మొత్తం 42 వచ్చిన ఆమె పక్క బెంచీ అబ్బాయి పాస్. ‘ఇంటర్నల్స్ ఫుల్‌గా ఉన్నాయి, టెన్షన్ లేదు’ అనుకునే ముందు ఆ ఒక్క వాక్యం చూడండి.

ఇంకో మూడు విషయాలు కూడా అక్కడే వెతకండి: ఇంటర్నల్‌కు కనీస మార్కులు ఉన్నాయా, ఇంటర్నల్ రాయకపోతే మళ్లీ రాసే వీలుందా, బ్యాక్‌లాగ్ (ఫెయిలై మిగిలిపోయిన పేపర్) రాసేటప్పుడు పాత ఇంటర్నల్ మార్కులే కొనసాగుతాయా. మూడోదానికి జవాబు ‘కొనసాగుతాయి’ అయితే, మొదటి సెమిస్టర్‌లో నిర్లక్ష్యంగా తెచ్చుకున్న 6 మార్కులు ఆ పేపర్‌ని చివరిదాకా వదలవు.

5. ఎస్‌జీపీఏ ఒకసారి చేత్తో కట్టి చూడండి

యూజీసీ పది పాయింట్ల పద్ధతిలో ‘ఓ’ గ్రేడ్‌కి 10, ‘ఏ ప్లస్’కి 9, ‘ఏ’కి 8, బీ ప్లస్‌కి 7, బీకి 6, సీకి 5, పీకి 4, ఎఫ్‌కి సున్నా. ఏ మార్కులకు ఏ గ్రేడ్ అన్నది మీ యూనివర్సిటీ టేబుల్‌లో ఉంటుంది. పేపర్ క్రెడిట్లను గ్రేడ్ పాయింట్‌తో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే ఎస్‌జీపీఏ, అంటే ఆ సెమిస్టర్ సగటు గ్రేడ్ పాయింట్.

ఒక బీకామ్ మొదటి సెమిస్టర్ ఇలా ఉందనుకుందాం:

- ఫైనాన్షియల్ అకౌంటింగ్, 5 క్రెడిట్లు, బీ ప్లస్: 5 × 7 = 35
- బిజినెస్ ఆర్గనైజేషన్, 5 క్రెడిట్లు, ఏ: 5 × 8 = 40
- ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ, 5 క్రెడిట్లు, బీ: 5 × 6 = 30
- ఇంగ్లిష్, 4 క్రెడిట్లు, సీ: 4 × 5 = 20
- తెలుగు, 4 క్రెడిట్లు, ఓ: 4 × 10 = 40
- ఎన్విరాన్‌మెంట్, 2 క్రెడిట్లు, ఏ ప్లస్: 2 × 9 = 18

మొత్తం 183, క్రెడిట్లు 25. ఎస్‌జీపీఏ 7.32.

ఇప్పుడు ఎక్కడ కష్టపడితే లాభమో చూడండి. ఎన్విరాన్‌మెంట్‌లో ఏ ప్లస్‌ని ‘ఓ’ చేస్తే పెరిగేది 0.08. ఇంగ్లిష్‌లో సీని బీ ప్లస్ చేస్తే పెరిగేది 0.32, అంటే దానికి నాలుగింతలు. కామర్స్ పిల్లలు చాలామంది భాషల్ని ‘ఎలాగూ పాసవుతాం’ అని వదిలేస్తారు. సెకండ్ లాంగ్వేజ్ బాగా రాసేవాళ్లకు అకౌంట్స్‌లో తగ్గిన పాయింట్లు అక్కడ ఎలా తిరిగొస్తాయో పై లెక్కలోనే ఉంది. తెలుగు లేకుండా చూస్తే సగటు 6.81 మాత్రమే.

సీజీపీఏని (అన్ని సెమిస్టర్ల సగటుని) శాతంగా మార్చే సూత్రం సాధారణంగా కన్సాలిడేటెడ్ మెమో వెనకాలో, రెగ్యులేషన్స్‌లోనో ఉంటుంది. దరఖాస్తుల్లో దాన్నే వాడండి, ఇంటర్నెట్లో దొరికిన సూత్రం వద్దు. కొన్నిచోట్ల సీజీపీఏలో భాషలు కలుపుతారు, కొన్నిచోట్ల పార్ట్-1, పార్ట్-2 అని విడిగా చూపిస్తారు. డివిజన్ దేని ఆధారంగా ఇస్తారో కూడా చూసుకోండి.

6. హాజరు

75 శాతం ఉండాలి. చాలా యూనివర్సిటీల్లో 65 నుంచి 75 మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్, కండోనేషన్ ఫీజుతో (తక్కువ హాజరుకు మినహాయింపు కోసం కట్టే ఫీజుతో) పరీక్షకు అనుమతిస్తారు. అంతకంటే తగ్గితే డిటైన్, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్, ఆటల పోటీలకు వెళ్లిన రోజులకు హాజరు ఇచ్చే రూల్ ఉంటుంది, లెటర్ మాత్రం అప్పటికప్పుడే ఇవ్వాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా హాజరుతో ముడిపడి ఉంటుంది. పార్ట్‌టైమ్ పని చేస్తూ చదివేవాళ్లు వారానికి ఎన్ని క్లాసులు పోగొట్టుకోగలరో సెమిస్టర్ మొదట్లోనే లెక్క వేసుకోవాలి. 90 పనిదినాల సెమిస్టర్‌లో పావు వంతు అంటే 22 రోజులు. జ్వరాలు, పెళ్లిళ్లు, దసరాకి రెండు రోజులు ముందే ఊరెళ్లడం, అన్నీ ఆ 22లోనే సర్దుకోవాలి.

7. బ్యాక్‌లాగ్ పడితే

ముందుగా ‘ప్రమోషన్ రూల్స్’ చదవండి. కొన్ని యూనివర్సిటీలు పై ఏడాదికి వెళ్లడానికి అప్పటిదాకా ఉన్న క్రెడిట్లలో కొంత భాగం పాసై ఉండాలంటాయి. కొన్ని, హాజరు ఉండి పరీక్ష ఫీజు కడితే చాలంటాయి. రెండో రకం మెత్తగా కనిపిస్తుంది గానీ, పేపర్లు పోగుపడి ఆరో సెమిస్టర్‌లో ఒకేసారి మీద పడేది అక్కడే.

రిజల్ట్ వచ్చాక రీవాల్యుయేషన్, రీకౌంటింగ్ రెండూ వేర్వేరు. రీకౌంటింగ్‌లో మార్కుల కూడిక మాత్రమే చూస్తారు. రీవాల్యుయేషన్‌లో జవాబులు మళ్లీ దిద్దుతారు. జవాబు పత్రం ఫొటోకాపీ ఇచ్చే వీలుంటే ముందు అది తీసుకుని, సబ్జెక్ట్ లెక్చరర్‌కు చూపించి, ఆ తర్వాత డబ్బు కట్టండి. గడువు చాలా తక్కువ రోజులు ఉంటుంది, కాబట్టి రిజల్ట్ రోజే నోటిఫికేషన్ చదవాలి. ఈలోగా సప్లిమెంటరీ లేదా తర్వాతి పరీక్ష ఫీజు గడువు వస్తే అదీ కట్టేయండి. రీవాల్యుయేషన్ ఫలితం కోసం ఎదురు చూస్తూ ఫీజు గడువు దాటించుకుంటే ఒక ఛాన్స్ పోతుంది.

బ్యాక్‌లాగ్‌లు ఎక్కువగా పడేది స్టాటిస్టిక్స్, కాస్ట్ అకౌంటింగ్, అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్ దగ్గర. వీటిలో సిద్ధాంత ప్రశ్నలతో గట్టెక్కడం కష్టం. పాత ప్రశ్నపత్రాల్లోని ప్రాబ్లమ్స్‌ని టైమ్ పెట్టుకుని పూర్తిగా వేయడమొక్కటే దారి. గైడ్‌లో సొల్యూషన్ చదివితే అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఖాళీ పేపర్ ముందు కూర్చుంటే మొదటి ఎంట్రీ కూడా రాదు.

8. తర్వాత వెళ్లే తలుపు దగ్గర నుంచి వెనక్కి నడవండి

ఎలక్టివ్‌లు, మైనర్ ఎంచుకునే రోజున క్లాసంతా ఏది రాస్తే అదే రాయడం మామూలు. దానికి బదులు, డిగ్రీ తర్వాత మీరు వెళ్లాలనుకునే చోటు ఏం అడుగుతుందో ముందు చూడండి.

సీఏ ఇంటర్మీడియట్‌కు డైరెక్ట్ ఎంట్రీ (ఫౌండేషన్ పరీక్ష రాయకుండా) కావాలంటే, నిర్దేశించిన కామర్స్ పేపర్లు చదివిన గ్రాడ్యుయేట్‌కు 55 శాతం, మిగతావాళ్లకు 60 శాతం కావాలి. ఆర్‌బీఐ గ్రేడ్-బీ జనరల్ పోస్టులకు డిగ్రీలో 60 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 50. ఐసెట్ రాసి ఎంబీఏకి వెళ్లాలంటే 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 45. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌లో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టుకు ఇంటర్ మ్యాథ్స్‌లో 60 శాతమో, డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగానో ఉండాలి. ఇంటర్‌లో సీఈసీ చదివి వచ్చినవాళ్లకు మొదటి దారి ఎలాగూ లేదు. అలాంటప్పుడు మైనర్‌గా స్టాటిస్టిక్స్ దొరికితే వదులుకోవద్దనే నా అభిప్రాయం.

ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు డిగ్రీ చాలదు, ఎకనామిక్స్ లేదా దాని అనుబంధ సబ్జెక్టులో పీజీ కావాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల ఎంఏ ఎకనామిక్స్‌కు సీయూఈటీ పీజీ రాయాలి. అక్కడికి వెళ్లాక మ్యాథ్స్ లేకుండా ఒక్క వారం కూడా గడవదు. హిస్టరీ, పొలిటికల్ సైన్స్‌తో కలిపి ఎకనామిక్స్ చదివినవాళ్లకు ఎంఏలో మొదట తగిలే దెబ్బ ఇదే. డెరివేటివ్‌లు, మాట్రిసెస్, సంభావ్యత డిగ్రీలో ఉండగానే నేర్చుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో మ్యాథమెటికల్ ఎకనామిక్స్ లాంటి కోర్సులు దొరుకుతాయి. ప్రోగ్రామ్ క్రెడిట్లలో 40 శాతం వరకు స్వయం నుంచి తీసుకునే వీలు యూజీసీ కల్పించింది. కానీ మీ యూనివర్సిటీ ఏ కోర్సును ఏ పేపర్‌కు బదులుగా ఒప్పుకుంటుందో రిజిస్టర్ అవ్వకముందే రాతపూర్వకంగా అడగండి.

నాలుగో ఏడాది విషయం. ఆరు సెమిస్టర్లలో 75 శాతం పైన ఉన్నవాళ్లు ఆనర్స్ విత్ రీసెర్చ్‌కు వెళ్లొచ్చు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత ఉంది. రీసెర్చ్ మీద ఆసక్తి ఉండి, కాలేజీలో నిజంగా గైడ్ చేసే అధ్యాపకులు ఉంటేనే దీన్ని ఎంచుకోండి. మధ్యలో మానేయాల్సి వస్తే, మధ్యలో ఆపి మళ్లీ చేరే విధానం అమల్లో ఉన్నచోట మొదటి ఏడాది తర్వాత సర్టిఫికెట్, రెండో ఏడాది తర్వాత డిప్లొమా వస్తాయి. దానికి వేసవిలో 4 క్రెడిట్ల వొకేషనల్ కోర్సు కూడా చేయాలి. మూడేళ్లలోపు తిరిగి చేరొచ్చు, మొత్తం ఏడేళ్లలోపు పూర్తి చేయాలి. పెళ్లి వల్లో ఇంటి పరిస్థితి వల్లో ఆగిపోయే అమ్మాయిలకు ఈ రూల్ తెలిసి ఉండటం అవసరం. ‘టీసీ తీసుకుని వెళ్లిపో’ అనే మాట దగ్గరే ఆగిపోవద్దు.

9. ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్: కొన్న రిపోర్టు వద్దు

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత స్వల్పకాల ఇంటర్న్‌షిప్, చివరి ఏడాదిలో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ ఉన్నాయి. తెలంగాణలో బీకామ్ చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు వర్క్ ఉంటుంది. జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్‌తో సహా రెడీమేడ్ రిపోర్టు దొరుకుతుందని అందరికీ తెలుసు. వైవాలో ‘శాంపిల్ ఎలా ఎంచుకున్నావు?’ అన్న ఒక్క ప్రశ్నకే అది బయటపడుతుంది.

చేయగలిగిన అంశం ఒకటి చెబుతాను. మీ వీధిలో డ్వాక్రా సంఘాలు ఉంటాయి. ఒక సంఘంలోని సభ్యుల్ని కలిసి నాలుగు విషయాలు అడగండి: బ్యాంకు అప్పు ఎంత, దేనికి వాడారు, అదే సమయంలో బయట వడ్డీకి తెచ్చింది ఉందా, ఉంటే నెలకు నూటికి ఎంత. ‘రెండు రూపాయల వడ్డీ’ అని వాళ్లు చెప్పేది ఏడాదికి 24 శాతం అవుతుందని మీరే టేబుల్‌లో మార్చి రాయండి. బ్యాంకు అప్పు ఉండగా బయట ఎందుకు తెచ్చారో వాళ్ల మాటల్లోనే రాయండి. ఆసుపత్రి ఖర్చు, కిస్తీ కట్టాల్సిన తేదీ, పెళ్లి, ఇలా కారణాలు బయటికొస్తాయి. పేర్లు రాయొద్దు, సభ్యురాలు 1, సభ్యురాలు 2 అని పెట్టండి. సర్వే చేసిన తేదీలతో లాగ్ బుక్ ఏ రోజుకారోజు నింపండి. రేపు బ్యాంకు ఇంటర్వ్యూలో ‘ప్రాజెక్టు దేని మీద?’ అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర సొంత అంకెలు ఉంటాయి.

10. సర్టిఫికెట్లు

అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (మీ క్రెడిట్లు జమయ్యే ఆన్‌లైన్ ఖాతా) ఐడీ డిజిలాకర్ ద్వారా తీసుకోండి. అందులో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న చిన్న తేడాకే క్రెడిట్లు జమ కాకుండా ఆగిపోతాయి. ఆధార్‌లో తప్పుంటే మొదటి ఏడాదిలోనే సరిచేయించుకోండి. ప్రతి సెమిస్టర్ మెమో రాగానే స్కాన్ చేసి పెట్టుకోండి, ఫీజు రసీదులు పారేయకండి.

ఆరో సెమిస్టర్ అయ్యాక కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్, టీసీ తీసుకుంటారు. ఒరిజినల్ డిగ్రీకి విడిగా దరఖాస్తు చేసి ఫీజు కట్టాలి, చాలామంది దీన్ని ఏళ్ల తరబడి మర్చిపోతారు. విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లు ట్రాన్‌స్క్రిప్ట్స్ కూడా అప్పుడే అడగండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి ఉందని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే, నోటిమాటతో సరిపెట్టుకోకుండా దరఖాస్తు రాసి ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకుని కాపీ దగ్గర పెట్టుకోండి. తర్వాత యూనివర్సిటీకి ఫిర్యాదు చేయాల్సి వస్తే మొదట అడిగేది ఆ కాపీనే.